పిల్లల యాట - తల్లుల సాధన

వేసవి సెలవులలో పిల్లలున్న యింట రెండు కేకలు తఱచుగా వినబడుచుండును. ఒకటి మామిడిపండ్ల బుట్టకడ పిల్లలు వేయు కేక. రెండవది "ఆ యాట కట్టిపెట్టి పుస్తకము తీయుము" అని పెద్దలు వేయు కేక. ఈ రెండవ కేకను మేమును పలుమారులు వేసినవారమే. వేయుటయే కాదు, గత వేసవిలో ఒకనాడు మా యక్కకొడుకు చేతిలోని యాటపెట్టెను లాగికొని చీరల బీరువాలో పెట్టి తాళము వేసితిమి. ఆ తాళమును మరల మా చేతులతోనే తీయవలసివచ్చిన విధమును సోదరీమణులకు విన్నవింపదలచి యీ వ్యాసము వ్రాయుచున్నాము.

బాలుడు ఎనిమిదవ తరగతి చదువుచుండెను. లెక్కలలో మార్కులు మిక్కిలి తగ్గినందున, "నీయొద్దనైనను నాలుగు లెక్కలు నేర్చుకొనునేమో" యని మా యక్క వానిని నెలదినములు మా యింటికి పంపినది. వచ్చి మూడు దినములైనను లెక్కలపుస్తకము సంచినుండి పైకి రాలేదు. ఎప్పుడు చూచినను కిటికీయొద్ద కూర్చుండి, చేతులలో నిముడు నొక చిన్న పెట్టెపై వ్రేళ్ళాడించుచుండెడివాడు. "వీనికి కండ్లు పోవును, తెలివియు పోవును" అని మా యత్తగా రనిరి. మాకును కోపము వచ్చినది. తాళము పడినది.

వాడు ఏడువలేదు. ఎదురు చెప్పలేదు. కొంతసేపటికి వంటింటి గుమ్మముకడ నిలిచి, "పిన్నీ! నీ వెప్పుడైన నొక్కమా రాడి చూచితివా?" అని మాత్ర మడిగెను.

ఈ ప్రశ్నకు మాకు సమాధానము తోచలేదు. రుచి చూడకయే కూరలో ఉప్పెక్కువయైనదని యెవరైన ననినచో వండిన యిల్లాలి కెట్లుండును? మేము వానికి చేసినదియు నట్టి పనియే. కావున ఆ రాత్రి వంటిల్లు సర్దిన పిదప బీరువా తీసి, పెట్టెను వాని ముందుంచి, "సరే, నేర్పుము" అంటిమి. వాడు మా ముఖమువంక చూచి, ఇది హాస్యము కాదని తెలిసికొన్న తరువాత, మాకు చోటిచ్చి ప్రక్కకు జరిగెను.

ఆ పెట్టెపేరు గేమ్ బాయ్ అడ్వాన్స్. జపాను దేశపు నింటెండో సంస్థ 2001వ సంవత్సరమున దానిని విడుదల చేసినది. ఇప్పుడు దానిని తయారుచేయుట మానివేసిరి. మావానికి దొరకినది వాని పెదతండ్రి కుమారుడు ఆడి విడిచిన పాతది. బరువు 140 గ్రాములు; రెండు చిన్న బ్యాటరీలతో నడచును. తెరపై అడ్డముగా 240 చుక్కలు, నిలువుగా 160 చుక్కలు గలవు. ముగ్గులు వేయు మన స్త్రీలకు చుక్కలలెక్క మఱియొకరు చెప్పనక్కరలేదు. అన్ని చుక్కలు పెట్టి, ఒక్కొక్క చుక్కకు ఒక్కొక్క రంగద్దినచో ఏర్పడు బొమ్మయే ఆ తెరపై కనబడు లోకమంతయు. ఆ లోకమునకు తనదైన దీపము లేదు. తెరలో వెలుగు లేనందున వెలుతురున్నచోటనే కూర్చుండి యాడవలెను. బాలుడు కిటికీని విడువకుండుటకు కారణ మదియే. దానిని మేము మొండితన మనుకొంటిమి. కొంత తెలిసికొన్న పిదప పిల్లల చేష్టలలో సగము నేరములు ఈ రీతిగానే మాసిపోవును గదా!

ఆటపేరు 'డ్రాగన్ బాల్: అడ్వాన్స్‌డ్ అడ్వెంచర్'. డింప్స్ అను జపాను సంస్థ నిర్మింపగా, 2004 నవంబరులో జపానునందును, 2006లో అమెరికాయందును వెలువడినది. ఇది ఒక మాంగా నాధారము చేసికొని కల్పించిన యాట. మాంగా యనగా జపానువారి బొమ్మలకథ. మన పుస్తకమునకు చివరి పుట యెచ్చటనో వారి పుస్తకమున కచ్చట మొదటి పుట. కుడినుండి యెడమకు చదువవలెను. అకిరా తొరియామా యను చిత్రకారుడు 'డ్రాగన్ బాల్' కథను 1984 మొదలు 1995 వఱకు 'వీక్లీ షోనెన్ జంప్' అను బాలుర వారపత్రికలో వారము వారము గీసి, 519 ప్రకరణములలో ముగించెను. అవి కూర్చగా 42 సంపుటములైనవి. ఆ కథ ముగియు సంవత్సరమున ఆ పత్రిక యొక్క సంచిక 65 లక్షల ప్రతులకు మించి అచ్చుపడినది. తొరియామా 2024 మార్చి 1వ తేదీన స్వర్గస్థుడయ్యెను.

కథ యిది. గోకూ యను బాలు డొక కొండపై నొంటరిగా నివసించును. వానికి తోక గలదు. పెంచిన తాత మరణించెను. ఆయన గుర్తుగా మిగిలినది నాలుగు నక్షత్రములు గల యొక గోళము. దానినే తాతగా భావించి వాడు దానితో మాటలాడుచుండును. అటువంటి గోళములు లోకమున మొత్త మేడు గలవు. ఏడును ఒకచోట చేర్చినచో ఒక మహానాగము ప్రత్యక్షమై ఒక కోరిక తీర్చును. ఆ గోళములను వెదకుచు బుల్మా యను పదునాఱేండ్ల బాలిక ఆ కొండకు వచ్చును. గోళము లెచ్చట నున్నవో తెలుపు యంత్రమును ఆ బాలికయే తన తెలివితో నిర్మించికొన్నది. ఆమె రాకున్నచో గోకూ కొండ దిగడు, కథ కదలదు. ఈ మాట మన పాఠకురాండ్రు మఱువరాదు.

గోకూ మనకు క్రొత్తవాడుగా తోచునుగాని, వాని పూర్వికుడు క్రొత్తవాడు కాడు. చీనాదేశమున పదునాఱవ శతాబ్దమున వెలసిన 'పశ్చిమయాత్ర' యను నవలలో సున్ వుకోంగ్ అను వానరవీరుడు గలడు. ఆ పేరును జపానువారు తమ తీరున పలికిన 'సోన్ గోకూ' యగును. తోకయు, కోరినంత పొడవగు దండమును, ఎక్కి తిరుగు మేఘమును గోకూకు ఆ వానరునినుండి సంక్రమించినవే. ఆ వానరు డొక్క గంతునకు 1,08,000 లీల దూరము పోవునట! ఇది విన్న తెలుగువారికి హనుమంతుడు జ్ఞప్తికి రాకమానడు. మన హనుమంతుని కథయే చీనాకు పోయి అట్లు మారినదని హూ షీ యను చీనా పండితుడు తలచెను. అది యా దేశపు ప్రాచీనగాథలనుండియే పుట్టినదని లూ షున్ అను రచయిత వాదించెను. ఆ వాద మటుండనిండు. నవలలో ఆ వానరుడు కాపాడుచు తోడువచ్చు సన్న్యాసి మాత్రము కేవలకల్పితుడు కాడు. బౌద్ధగ్రంథములకై 629లో చీనానుండి బయలుదేరి, నలందలో చదివి, భరతఖండమంతయు తిరిగి 645లో స్వదేశము చేరిన హుయాన్ త్సాంగుడే అతనికి మూలపురుషుడు. ఆ మహనీయుడు మన యాంధ్రదేశమునకును వచ్చెను, వేంగిని చూచెను, కృష్ణాతీరమున ధాన్యకటకమున కొంతకాలము నిలిచి చదువుకొనెను. అమరావతి ప్రాంతమున నడచిన యాత్రికుని కథ చీనాలో నవలయై, జపానులో బొమ్మలపుస్తకమునకు బీజమై, తుదకు ఆటపెట్టెలో నెక్కి మరల నొక తెలుగింటి వసారాలోనికి వచ్చినది. ఇంతటి వంశచరిత్ర గల యతిథిని మేము చీరల బీరువాలో నిర్బంధించితిమి!

ఇక మా యాట సంగతి. తెరపై గోకూ నడచుచుండును. ఎడమ బొటనవ్రేలితో దిక్కు చూపవలెను; తక్కిన మీటలతో ఎగురుట, కొట్టుట, కాచుకొనుట చేయింపవలెను. ప్రాణమునకొక గీత గలదు. దెబ్బ తగిలినప్పుడెల్ల అది తఱుగుచుండును. పూర్తిగా తఱిగినచో ఓటమి. మొదటి రాత్రి మేము ఎగురవలసినచోట కొట్టితిమి. కొట్టవలసినచోట చూచుచు నిలిచితిమి. గోకూ ఎగిరినప్పుడెల్ల మేమును భుజములెత్తి ఎగిరితిమి. మా యత్తగారు జపమాల ప్రక్కన బెట్టి నవ్విరి. బాలుడు మాత్రము నవ్వలేదు. "పిన్నీ! నీవు అన్ని మీటలు ఒక్కసారి నొక్కుచున్నావు. ముందు నడచుట నేర్చుకొనుము" అనెను.

అది మా చిన్ననాడు మా యమ్మ చెప్పిన మాటవలెనే వినబడినది. ముగ్గు నేర్చుకొను దినములలో మేము చుక్కలు పెట్టకముందే గీతలకు తొందరపడెడివారము. పిండి చేతినుండి ముద్దలు ముద్దలుగా పడెడిది. "ముందు పిండి జార్చుట నేర్చుకొనుము, పద్మము తానే వచ్చును" అని యమ్మ యనెడిది. ఎన్ని ముగ్గులు చెఱిపితిమో లెక్కలేదు. ఒకనాడు ఆలోచింపకయే చేయి తిరిగినది. నేర్చినది బుద్ధియా, వ్రేళ్ళా యనిన చెప్పజాలము. ఈ చిన్న పెట్టెయు మా వ్రేళ్ళను మరల ఆ పాఠశాలకే పంపినది. నలువదేండ్లు దాటిన పిదప ఏమియు తెలియని విద్యార్థినిగా కూర్చుండుట మొదట సిగ్గుగా నుండెను. రెండు రాత్రులు గడచిన పిదప ఆ సిగ్గు పోయి, ప్రాణమునకు కొంత తేలికగా తోచినది.

దినమునకు అరగంట యని నియమము పెట్టుకొంటిమి. ఎనిమిదవ రాత్రికి తావో పైపై యను వానికి ఎదురుపడితిమి. గులాబిరంగు చొక్కా, పొడవైన జడ. వృత్తి హత్యలు చేయుట. వానితో ఒంటరిపోరాటము. వా డొకమారు పట్టుకొనినచో మా ప్రాణపుగీత యెండకు పెట్టిన మంచువలె కరగిపోయెడిది. ఆ రాత్రి ఆఱుమారులు ఓడితిమి. ఏడవమారు పెట్టెను చాపపై విసరబోయి నిలుపుకొని, "ఇన్నిమారు లోడుటలో నీకు సుఖ మేమున్నదిరా?" అని విసుగుతో నడిగితిమి.

వాడు కొంచెము సేపు మాటలాడలేదు. తరువాత మెల్లగా, "ఇందులో ఓడిన నెవరును ఏమియు ననరు పిన్నీ. మరల మొదలుపెట్టుమని మాత్ర మడుగును" అనెను.

సోదరీమణులారా! ఆ మాట మాకు మొట్టికాయవలె తగిలినది. వాడు లెక్కలను విడిచి యీ పెట్టెలో ఎందుకు దాగుకొనెనో అప్పటికి గాని మాకు బోధపడలేదు. అందు సులభముగా గెలుపు దొరకునని కాదు. లెక్కలలోకన్న నందే యెక్కువమారులు వాడు ఓడియుండును. అందలి యోటమికి సాక్షులు లేరు, నిట్టూర్పులు లేవు, "నీ యీడువారు చూడుము" అను పోలికలు లేవు. లెక్క తప్పినచో ఎఱ్ఱసిరా పడును. మా యక్క కన్నీరు పెట్టుకొనును. మేము ఉపన్యాస మారంభింతుము. ఒక్క తప్పునకు ముగ్గురి దుఃఖమును మోయవలసివచ్చు బాలుడు పుస్తకమును తెఱచుటకు భయపడిన ఆశ్చర్య మేమి?

మఱునాడు వాడు మాకు తావో పైపై కథ యంతయు చెప్పెను. మాంగాలో గోకూయు వానిచేతిలో మొదట నోడెను. వాడు విడిచిన కిరణము గోకూ ఱొమ్మునకు తగులగా, బట్టలలో దాచుకొన్న తాతగారి గోళము అడ్డుపడి ప్రాణము నిలిపినది. ఆ పోరాటములో ఉపా యను బాలుని తండ్రి మరణించెను. శత్రువును గెలుచు బలమునకై గోకూ ఆకాశమంటు కరిన్ గోపురము నెక్కును. దాని శిఖరమున పిల్లిరూపమున నొక సిద్ధుడు గలడు. ఆయనయొద్దనున్న పవిత్రజలము త్రాగినచో బలము పెక్కింతలగునని ప్రసిద్ధి. కాని సిద్ధు డా జలము నడిగినంతనే ఈయడు; తననుండి లాగికొనుమనును. గోకూ యెంత యురికినను ఆయన దొరకడు. గోకూ గురువున కా జలము దక్కుటకు మూడేండ్లు పట్టెనట. గోకూకు మూడు దినములు పట్టినది. తుదకు లాగికొని త్రాగి, ఏ మార్పును లేదే యని వాడు విస్తుపోవును. అప్పుడు సిద్ధుడు నిజము చెప్పును: అది మామూలు నీరే. దానికొఱకు పరుగెత్తిన పరుగే బలము. గోకూ క్రిందికి దిగి తావో పైపైని గెలుచును. పిదప ఏడు గోళములు కూర్చి, ఉపా తండ్రిని బ్రతికింపుమని కోరించును.

ఈ కథ వినుచున్నప్పుడు మాకొక సంగతి స్ఫురించినది. మాంగాలో సాధన చేయువాడు గోకూ, మనము చూచువారము. ఆటలో మూడు దినముల పరుగును తెరపై కూర్చుండి యెవరును చూపజాలరు. ఆ సాధనను ఆట చూచువారి చేతులకే వదలివేయుచున్నది. ఆఱుమారు లోడినది గోకూ కాదు, మేము. ఏడవమారు ఆగి, కాచుకొని, శత్రువు చేయి దిగువఱకు ఓర్చి కొట్టగలుగునదియు మా వ్రేళ్ళే. గెలిచినచో దొరకునది యేమి? తెరపై రెండు బొమ్మలు, చిన్న సంగీతము. అది మామూలు నీరే. వ్రేళ్ళలో నిలిచిన ఓర్పు మాత్రము పెట్టె ఆపినను పోదు.

మాంగాలోని మఱియొక ఘట్టము మన గృహిణుల మనస్సునకు మఱింత దగ్గఱగా నుండును. గోకూయు, వాని సహపాఠి క్రిలిన్ అను బాలుడును తాబేటి సన్న్యాసియను వృద్ధగురువు నాశ్రయింతురు. గురువు మంత్రమో తంత్రమో ఉపదేశించునని యెదురుచూచిన యా బాలురకు ఆయన చెప్పిన మొదటి పని తెల్లవారుజామున ఇంటింటికి పాలు పోసివచ్చుట. తరువాత పొలమును వట్టిచేతులతో దున్నుట; ఆపై పుస్తకము చదువుట; భోజనమైన పిదప కొంచెము నిద్ర; సాయంకాలము కట్టడపుపని, ఈత. ఇవన్నియు వీపున 20 కిలోల తాబేటిచిప్ప మోయుచు చేయవలెను. కొన్నాళ్ళకు ఆ చిప్ప 40 కిలోల దగును. నెలల తరువాత చిప్ప దింపి ఎగురుమనగా వారు చెట్లను మించి ఎగురుదురు. తమకు తెలియకుండగనే బలవంతులైరి.

ప్రతిదినమును వేకువనే లేచి, పాలు కాచి, నీళ్ళు పట్టి, బియ్యమేరి, బట్టలుతికి, అందఱి కోపతాపములను వీపున మోయు మనకు తాబేటిచిప్ప బరువు తెలియనిది కాదు. భేద మొక్కటే. ఆ గురువు పనితోబాటు ఆటకును, చదువునకును, నిద్రకును పాఠములో చోటిచ్చెను. చిప్ప దింపి ఎగురు దినమొకటి యుండునని ఎఱిగియే మోయించెను. మన యిండ్లలో చిప్ప దింపుకొను అరగంట యేది? కొందఱకు పాట, కొందఱకు పుస్తకము, కొందఱకు పూలకుట్టు. మాకా వేసవిలో ఆ యరగంటను ఈ యాట యిచ్చినది. దానివలన వంట మాడలేదు, పూజ తప్పలేదు.

ఇది మెచ్చుకోలు మాత్రమే యనుకొనవలదు. దోషములును చెప్పవలెను. ఈ యాటలో కొట్టుటయే ప్రధానము. మిక్కిలి చిన్నవాండ్రకు తగదు. మూలకథలో తాబేటి సన్న్యాసి గొప్ప గురువేగాని, స్త్రీల విషయమున ఆయన చూపులును మాటలును హాస్యముపేర మిక్కిలి అసభ్యముగా నుండును. ఆ పుస్తకములను బాలుర చేతికిచ్చు తల్లులు ముందు తాము చదివి, "ఈ వృద్ధుని విద్య నేర్చుకొనుము, ఈ గుణము నేర్చుకొనవలదు" అని వివరముగా చెప్పుట మంచిది. మా వానికి మేమట్లు చెప్పగా వాడు సిగ్గుపడి తలయూపెను. మఱియొక లోపము గలదు. గోళములను కనిపెట్టు యంత్రమును చేసినది బుల్మా కదా; ఆటలో ప్రధానకథను నడపుటకు దొరకువారు గోకూయు, క్రిలినును మాత్రమే. దారి చూపునది బాలిక, దారి నడచువారు బాలురు! ఈ లెక్క మాకు రుచింపలేదు.

తావో పైపై పదునొకండవ రాత్రి ఓడిపోయెను. బాలుడు కేకవేసి మా చేయి పట్టుకొనెను. ఆ మఱునాడు ఉదయము మేము పాలలెక్క వ్రాసికొను పాత పలకను తుడిచి, వసారాలో పెట్టి, "నీవు నాకు ఆట నేర్పితివి. ఇపుడు బీజగణితము నాకు మరచిపోయినది, ఇద్దఱమును నేర్చుకొందము" అంటిమి. అది నటన కాదు, నిజముగనే మరచియుంటిమి. కాగితమునకు బదులు పలక నెన్నుకొనుటకు కారణము, తప్పు దానిపై నిలువదు. అరచేతితో తుడిచిన మాయమగును. తప్పు వచ్చినప్పుడు నిట్టూర్చరాదనియు, "మరల" అను మాట తప్ప వేఱుమాట పలుకరాదనియు మా యిద్దఱకు నియమము. మొదటిదినమున ఎక్కువమారులు తుడిచినది మేమే. వాడు మా తప్పును పట్టుకొన్నప్పుడు వాని ముఖమున వచ్చిన వెలుగును మార్కులకాగిత మేదియు తెచ్చియుండదు.

ఒక మధ్యాహ్నము సమీకరణ మొకటి యెంతకును లొంగలేదు. వాని కనులలో నీరు తిరిగినది. మేము పలకను ప్రక్కన బెట్టి, "గోకూ టాంబరీనుచేతిలో ఎందు కోడెనో చెప్పుము" అంటిమి. అప్పటికి మా యాట పిక్కొలో యను రాక్షసరాజు కథదాక వచ్చినది. స్నేహితుడు క్రిలిన్ చంపబడెనని విని, అలసటతోను ఆకలితోను గోకూ పరుగెత్తి, పిక్కొలో బంటైన టాంబరీనుచేతిలో ఓడును. కడుపునిండ చేప తిన్న పిదప, అదే శత్రువును సులభముగా గెలుచును. బాలుడు నవ్వి, "ఆకలిగా నుండెను" అనెను. పెరుగన్నమును ఆవకాయయు పెట్టితిమి. అరగంటలో సమీకరణము లొంగినది. ఇందులో మహిమ యేమియు లేదు. కాని ఆకలిగొన్న పిల్లవానికి లెక్క చెప్పరాదను నీతి ప్రతి తల్లియు ఎఱిగినదే, ప్రతి తల్లియు తొందరలో మరచునదే.

నెల ముగియు రెండుదినములకు ముందు పిక్కొలోను గెలిచితిమి. కథ ముగిసినదని పెట్టెను వాని చేతికిచ్చితిమి. వాడు దానిని మరల మాకే యిచ్చి, "ఇంకను ఉన్నది పిన్నీ. ఇప్పుడు క్రిలినుతో మొదటినుండి యాడవచ్చును" అనెను. గోకూతో కథ పూర్తిచేసినవారికే ఆట క్రిలిను నిచ్చును. క్రిలినునకు తోక లేదు. గోకూవలె పుట్టుకతోనే వచ్చిన యద్భుతశక్తి లేదు. గురువు 50 ఏండ్లు సాధించి సంపాదించిన కిరణవిద్యను గోకూ ఒక్కమారు చూచి చేసెను. క్రిలిను వంటివారికి అట్టి భాగ్యము లేదు. మఠములో పెద్దపిల్లలచే హేళన పొంది, పొట్టివాడై, భయపడుచు, ఆ భయముతోనే సాధన చేసిన మామూలు మనుష్యుడు. "మావంటివాడు" అంటిమి. "నావంటివాడు" అని వా డనెను.

మా యక్క వచ్చి వానిని తీసికొనిపోయినది. ప్రయాణమునకు ముందు సంచి సర్దుచు, లెక్కలపుస్తకమును అడుగున గాక పైన పెట్టుకొనుట చూచితిమి. పలకనుకూడ అడిగి తీసికొనెను. ఆ సంవత్సరాంతమున వాడు తరగతిలో మొదటివాడు కాలేదు, లెక్కలలో ఉత్తీర్ణుడయ్యెను. తప్పిన లెక్కలను దాచుకొనక తల్లికి చూపుచున్నాడని మా యక్క ఉత్తరువులో నున్న గురువులకన్న సంతోషముతో మాకు ఫోనులో చెప్పినది. "నేనును నిట్టూర్చుట మానితిని" అని చివర నొక మాట కలిపినది. మాకన్నిటికన్న ఆ మాటయే యెక్కువ సంతోషము కలిగించినది.

కావున సోదరీమణులారా, మీ యింట పిల్లవాని చేతిలో నిట్టి పెట్టె యేదైన నున్నచో, తాళముచెవి తీయుటకు ముందొక రాత్రి వాని ప్రక్కన కూర్చుండుడు. నేర్పుమని యడుగుడు. ఓడుడు; వాడు చూచుచుండగనే ఓడి, కోపము తెచ్చుకొనక మరల మొదలుపెట్టుడు. ఆడుటకు వేళయు, ఆపుటకు వేళయు పిమ్మట మీరు నిర్ణయింపవచ్చును. తనతో ఓడినవారి మాటను బాలుడు త్రోసివేయడు. ఆ పెట్టె వానికి చేయుచున్న యుపకార మేదో కనుగొని, దానిని మీ యింటిలోనే వానికి దొరకునట్లు చేయుడు. గోపురముపై దొరకునది మామూలు నీరే. అట్టి నీరు మన కుండలోను గలదు.